భాగం – 8: భూవిజ్ఞాన శాస్త్రాల్లో దత్తాంశ నిర్వహణ, సమాచార వినిమయం

విషయక్రమం

8.0 లక్ష్యాలు
8.1 పరిచయం
8.2 భూవిజ్ఞాన దత్తాంశం – ప్రత్యేక లక్షణాలు
8.3 అంతర్జాతీయ వినిమయం – పరిణామం
8.4 దత్తాంశ నిర్వహణ
  8.4.1 మెటాడేటా
  8.4.2 ఉమ్మడి ప్రమాణాలు
  8.4.3 నాణ్యత పరీక్ష
  8.4.4 భద్రపరచడం, అందుబాటులో ఉంచడం
8.5 సునామీ హెచ్చరిక వ్యవస్థ – ఒక పరిశీలన
8.6 వినిమయానికి ఆటంకాలు, ప్రభుత్వ విధానాలు
8.7 సారాంశం
8.8 కీలక పదాలు
8.9 మీ ప్రగతిని సమీక్షించుకోండి – నమూనా సమాధానాలు
8.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

8.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• దత్తాంశానికి, సమాచారానికి ఉన్న తేడాను చెప్పగలుగుతారు.
• భూవిజ్ఞాన దత్తాంశానికి ఉన్న ప్రత్యేక లక్షణాలను వివరించగలుగుతారు.
• మెటాడేటా, ఉమ్మడి ప్రమాణాలు, నాణ్యత పరీక్ష ఎందుకు అవసరమో ఉదాహరణలతో తెలపగలుగుతారు.
• హిందూ మహాసముద్రంలో సునామీ హెచ్చరిక వ్యవస్థ ఏర్పడిన తీరును విశ్లేషించగలుగుతారు.
• దత్తాంశ వినిమయానికి ఎదురయ్యే ఆటంకాలను, మన దేశంలో వచ్చిన విధానాలను పేర్కొనగలుగుతారు.

8.1 పరిచయం

ఇంతకుముందు భాగాల్లో మీరు భూకంపాలు, భూగర్భజలం, సముద్ర ప్రవాహాలు, వాతావరణం గురించి చదివారు. ఆ పాఠాల్లోని ప్రతి సూత్రం వెనక, ప్రతి పటం వెనక ఎందరో చేసిన కొలతలు ఉన్నాయి. ఆ కొలతలను ఎలా నమోదు చేస్తారు, ఎలా దాచి ఉంచుతారు, ఇతరులకు ఎలా అందిస్తారు అనే విషయాలను ఈ భాగంలో తెలుసుకొందాం.

ముందుగా రెండు మాటలకు అర్థం స్పష్టం చేసుకోవాలి. ఒక బావిలో నీరు 12 మీటర్ల లోతున ఉందని కొలిచి రాసుకొంటే అది దత్తాంశం. అలాంటి కొలతలను అనేక బావుల నుంచి, అనేక సంవత్సరాల పాటు సేకరించి, పోల్చి చూసి, “ఈ మండలంలో భూగర్భజల మట్టం ఏటేటా పడిపోతోంది” అని చెప్పగలిగితే అది సమాచారం. దత్తాంశం ముడిసరుకు వంటిది. దాన్ని క్రమపరచి, విశ్లేషించి, ఒక నిర్ణయానికి ఉపయోగపడేలా మార్చినప్పుడు సమాచారం అవుతుంది.

దత్తాంశాన్ని పంచుకోవడమంటే కాగితాలు చేతికి ఇవ్వడమో, కంప్యూటరు ఫైలు పంపడమో మాత్రమే అని చాలామంది అనుకొంటారు. అది సరికాదు. కొలిచిన వ్యక్తి పక్కన లేకపోయినా మరొకరు మరొక చోట, మరొక కాలంలో ఆ కొలతను సరిగా అర్థం చేసుకొని వాడుకోగలిగినప్పుడే దాన్ని నిజంగా పంచుకొన్నట్లు. అందువల్ల నిర్వహణ, వినిమయం వేరువేరు పనులు కావు. నిర్వహణ సరిగా లేని దత్తాంశాన్ని పంచుకొన్నా ప్రయోజనం ఉండదు. ఎవరికీ అందని దత్తాంశాన్ని ఎంత చక్కగా నిర్వహించినా ప్రయోజనం ఉండదు.

8.2 భూవిజ్ఞాన దత్తాంశం – ప్రత్యేక లక్షణాలు

రసాయన శాస్త్ర ప్రయోగశాలలో ఒక ప్రయోగం విఫలమైతే మర్నాడు మళ్ళీ చేయవచ్చు. భూవిజ్ఞాన శాస్త్రాల్లో చాలా సందర్భాల్లో ఆ వీలు లేదు. ఇక్కడి దత్తాంశానికి కింది లక్షణాలు ఉన్నాయి.

అ) మళ్ళీ కొలవలేకపోవడం: ఒక తుఫాను రోజున పడిన వాన, ఒక భూకంపం పుట్టించిన తరంగాలు, ఒక సంవత్సరం మే నెలలో ఉన్న నీటిమట్టం – వీటిని ఆ సమయంలో కొలవకపోతే ఇక ఎప్పటికీ కొలవలేం. కొలిచి పోగొట్టుకొన్నా అంతే.

ఆ) సరిహద్దులు లేకపోవడం: బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం ఏ దేశం వైపు వెళ్ళేదీ ముందుగా తెలియదు. భూకంప తరంగాలు భూమి అంతటా ప్రయాణిస్తాయి. ఒక దేశం తన పరిధిలో చేసిన కొలతలతోనే వీటిని పూర్తిగా అర్థం చేసుకోలేదు.

ఇ) కాల పరిధి విస్తృతంగా ఉండటం: భూకంపాన్ని సెకనులో చిన్న భాగాలుగా నమోదు చేస్తారు. శిలల వయస్సును కోట్ల సంవత్సరాల్లో లెక్కిస్తారు. వాతావరణ మార్పును గుర్తించాలంటే దశాబ్దాల తరబడి తెగకుండా సాగిన కొలతలు కావాలి.

ఈ) రూప వైవిధ్యం: చేతితో రాసిన వర్షపాత రిజిస్టరు, రంగుల భూవిజ్ఞాన పటం, ఉపగ్రహ చిత్రం, డ్రిల్లింగులో బయటికి తీసిన శిలాదండం – ఇవన్నీ దత్తాంశమే. వీటన్నిటినీ ఒకే పద్ధతిలో దాచలేం.

ఉ) సేకరణకు అధిక వ్యయం: పరిశోధన నౌకను సముద్రంలోకి పంపాలన్నా, వందల మీటర్ల లోతుకు డ్రిల్లింగు చేయాలన్నా ఖర్చు చాలా ఎక్కువ. ఒకసారి సేకరించిన దాన్ని పలువురు వాడుకొంటేనే ఆ ఖర్చుకు తగిన ఫలితం వస్తుంది.

8.3 అంతర్జాతీయ వినిమయం – పరిణామం

భూమి అంతర్భాగంలో ఉన్న గట్టి అంతర కేంద్రమండలాన్ని కనుక్కొన్న తీరు వినిమయం విలువను తెలిపే మంచి ఉదాహరణ. 1929లో న్యూజీలాండ్‌లోని మర్చిసన్ ప్రాంతంలో పెద్ద భూకంపం సంభవించింది. దాని తరంగాలు భూమి లోపలి నుంచి ప్రయాణించి ఐరోపాలోని కేంద్రాలకు, సోవియట్ యూనియన్‌లోని స్వెర్డ్‌లోవ్‌స్క్, ఇర్కుట్‌స్క్ వంటి కేంద్రాలకు చేరాయి. డెన్మార్క్‌కు చెందిన శాస్త్రవేత్త ఇంగే లేమన్ ఈ కేంద్రాల నమోదులను సేకరించి పోల్చారు. అప్పటి అవగాహన ప్రకారం తరంగాలు చేరకూడని చోట్ల కూడా బలహీనమైన తరంగాలు నమోదై ఉన్నాయి. ద్రవరూపంలో ఉన్న కేంద్రమండలం లోపల మరో మండలం ఉంటే తప్ప ఇది సాధ్యం కాదని ఆమె 1936లో ప్రకటించారు.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. మొదటిది, ఏ ఒక్క కేంద్రం నమోదు ఈ ఫలితాన్ని ఇచ్చి ఉండేది కాదు. రెండోది, ఆయా కేంద్రాల సిబ్బంది తరంగం వచ్చిన వేళను ఉమ్మడి కాలమానానికి సరిపోల్చి నమోదు చేయకపోతే వాటిని పోల్చడమే కుదిరేది కాదు. ఆ సిబ్బంది తమ రోజువారీ పని తాము శ్రద్ధగా చేశారు. ఆ నమోదు ఏ ఆవిష్కరణకు దారితీస్తుందో ఆ రోజు వారికి తెలియదు.

1957 జులై నుంచి 1958 డిసెంబరు వరకు జరిగిన అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం మరో ముఖ్యమైన మలుపు. అందులో 67 దేశాలు పాల్గొన్నాయి. అది అమెరికా, సోవియట్ యూనియన్‌ల మధ్య ప్రచ్ఛన్న యుద్ధం సాగుతున్న కాలం. అయినా సేకరించిన దత్తాంశాన్ని ప్రపంచ దత్తాంశ కేంద్రాలలో ఉంచాలని నిర్ణయించారు. ‘ఎ’ కేంద్రం అమెరికాలో, ‘బి’ కేంద్రం సోవియట్ యూనియన్‌లో, ‘సి’ కేంద్రం ఐరోపా దేశాల్లోనూ జపాన్‌లోనూ ఏర్పడ్డాయి. ఒక చోట నష్టం జరిగినా మరో చోట ప్రతి మిగిలి ఉండాలనేది ఇందులో ఒక ఉద్దేశం. 2008లో ఈ కేంద్రాల స్థానంలో ప్రపంచ దత్తాంశ వ్యవస్థను ఏర్పాటు చేశారు.

భూకంప శాస్త్రంలో 1964లో బ్రిటన్‌లో ఏర్పడిన అంతర్జాతీయ భూకంప కేంద్రం వివిధ దేశాల నుంచి తరంగాల రాక వేళలను సేకరించి, సరిచూసి, భూకంపాల జాబితాలను ప్రచురిస్తోంది. వాతావరణ శాస్త్రంలో ప్రపంచ వాతావరణ సంస్థ 1995లో 40వ తీర్మానాన్ని ఆమోదించింది. ప్రాణాలకు, ఆస్తులకు రక్షణ కల్పించడానికి కావలసిన మౌలిక వాతావరణ దత్తాంశాన్ని సభ్యదేశాలు ఉచితంగా, ఆంక్షలు లేకుండా పంచుకోవాలని అది చెప్పింది. 2021లో ఆమోదించిన ఏకీకృత విధానం ఈ సూత్రాన్ని భూమి, నీరు, సముద్రాలకు సంబంధించిన దత్తాంశానికి కూడా విస్తరించింది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 1
గమనిక: మీ సమాధానాన్ని ఈ భాగం చివర ఇచ్చిన సమాధానంతో పోల్చి చూసుకోండి.
1. దత్తాంశానికి, సమాచారానికి తేడా ఏమిటి?
2. ప్రపంచ దత్తాంశ కేంద్రాలను ఒకటి కంటే ఎక్కువ దేశాల్లో ఎందుకు ఏర్పాటు చేశారు?

8.4 దత్తాంశ నిర్వహణ

8.4.1 మెటాడేటా

దత్తాంశాన్ని గురించి తెలిపే దత్తాంశాన్ని మెటాడేటా అంటారు. ఏమి కొలిచారు, ఎక్కడ, ఎప్పుడు, ఏ పరికరంతో, ఏ ప్రమాణంలో, ఎవరు కొలిచారు అనే వివరాలు ఇందులో ఉంటాయి. ఇవి లేకపోతే ఏమవుతుందో కింది ఊహాత్మక ఉదాహరణలో చూడండి.

పట్టిక 8.1: రెండు బావుల నీటిమట్టాలు

| వివరం | బావి ‘అ’ | బావి ‘ఆ’ |
|---|---|---|
| నేల ఉపరితలం నుంచి నీటికి ఉన్న లోతు | 12 మీటర్లు | 8 మీటర్లు |
| సముద్రమట్టం నుంచి నేల ఎత్తు | 505 మీటర్లు | 495 మీటర్లు |
| సముద్రమట్టం నుంచి నీటిమట్టం ఎత్తు | 493 మీటర్లు | 487 మీటర్లు |

ఈ రెండు బావులూ ఒకే జలస్తరానికి చెందినవి అనుకొందాం. మొదటి వరస మాత్రమే మీ చేతికి వస్తే, బావి ‘ఆ’లో నీరు పైకి ఉంది కాబట్టి భూగర్భజలం ‘ఆ’ నుంచి ‘అ’ వైపు ప్రవహిస్తోందని అనుకొంటారు. రెండో వరసలోని నేల ఎత్తును కూడా తీసుకొంటే ఫలితం తారుమారవుతుంది. 505 నుంచి 12 తీసివేస్తే 493, 495 నుంచి 8 తీసివేస్తే 487. అంటే నీటిమట్టం ‘అ’ దగ్గరే 6 మీటర్లు ఎక్కువ ఎత్తులో ఉంది. కాబట్టి ప్రవాహం ‘అ’ నుంచి ‘ఆ’ వైపు ఉంటుంది.

ఇప్పుడు బావి ‘అ’ పక్కన ఒక ఫ్యాక్టరీ వ్యర్థజలం నేలలోకి ఇంకుతోందని అనుకోండి. ఆ కాలుష్యం చేరే ప్రమాదం బావి ‘ఆ’ నీళ్ళు తాగే ఊరికి ఉంది. నేల ఎత్తు నమోదు కాని పట్టికను నమ్మినవారు ఆ ఊరికి ఏ భయమూ లేదని చెబుతారు. ఇందులో ఎవరూ తప్పుగా కొలవలేదు. ఒక్క వివరం రాయకపోవడమే లోపం.

నేల ఎత్తుతో పాటు మరికొన్ని వివరాలు కూడా అవసరం. లోతును నేల నుంచి కొలిచారా, బావి గట్టు పైనుంచి కొలిచారా? వానాకాలానికి ముందు మే నెలలో కొలిచారా, తరవాత నవంబరులో కొలిచారా? కొలిచే ముందు మోటారు నడిచిందా? మోటారు నడుస్తున్నప్పుడు నీటిమట్టం తాత్కాలికంగా పడిపోతుంది. కేంద్ర భూగర్భజల మండలి తన పరిశీలన బావుల్లో ఏడాదికి నాలుగుసార్లు నిర్ణీత నెలల్లో కొలతలు తీసుకోవడానికి కారణం ఇదే. ఒకే కాలానికి చెందిన కొలతలనే ఏటికేడు పోల్చడం సాధ్యమవుతుంది.

8.4.2 ఉమ్మడి ప్రమాణాలు

ఇద్దరు సేకరించిన దత్తాంశాన్ని కలపాలంటే ఇద్దరూ ఒకే ప్రమాణాలు పాటించాలి, లేదా ఒకదాన్ని మరొకదానిలోకి మార్చే పద్ధతి తెలిసి ఉండాలి.

స్థానాన్ని గుర్తించడంలో ఈ సమస్య తరచుగా వస్తుంది. భారత సర్వేక్షణ సంస్థ పాత టోపోషీట్లను ఎవరెస్ట్ గోళాభం ఆధారంగా తయారుచేశారు. మీ సెల్‌ఫోనులోని జీపీఎస్ డబ్ల్యూజీఎస్-84 అనే ప్రపంచ ప్రమాణాన్ని వాడుతుంది. అందువల్ల ఒకే స్థలానికి రెండింటిలో అక్షాంశ రేఖాంశాలు కొద్దిగా వేరుగా వస్తాయి. హైదరాబాదు ప్రాంతంలో జీపీఎస్ నిరూపకాలను మార్పిడి చేయకుండా పాత టోపోషీటు మీద గుర్తిస్తే స్థానం వంద మీటర్లకు పైగా జరిగిపోతుంది. రాష్ట్ర పటంలో అది కనిపించదు. బోరు వేయవలసిన పొలం మాత్రం మారిపోతుంది.

పదజాలంలో కూడా ఏకరూపత కావాలి. ఒక దేశపు పటంలో ఒక పేరుతో ఉన్న శిలావర్గం సరిహద్దు దాటగానే మరో పేరుతో, మరో రంగుతో కనిపించవచ్చు. శిల మారదు, పేరు మారుతుంది. ఈ సమస్యను తగ్గించడానికి అంతర్జాతీయ భూవిజ్ఞాన సంఘాల సమాఖ్య ఆధ్వర్యంలో జియోసైఎంఎల్ అనే ఉమ్మడి నమోదు భాషను రూపొందించారు. ఆయా సంస్థలు తమ పటాలను తమ పద్ధతిలోనే ఉంచుకొని, ఇతరులకు అందించేటప్పుడు ఈ ఉమ్మడి రూపంలోకి మారుస్తాయి.

8.4.3 నాణ్యత పరీక్ష

పరికరాలు పాతబడతాయి, పాడవుతాయి. రిజిస్టరు నుంచి కంప్యూటరులోకి ఎక్కించేటప్పుడు 12.5 మిల్లీమీటర్ల వర్షపాతం 125గా మారవచ్చు. అందువల్ల దత్తాంశాన్ని అందించే ముందు పరీక్షించాలి. ఈ పరీక్షను క్రమపద్ధతిలో చేస్తున్న వ్యవస్థకు ఆర్గో మంచి ఉదాహరణ.

ఆర్గో అనేది సముద్రాల్లో తేలియాడే స్వయంచాలిత పరికరాల జాలం. ప్రపంచ సముద్రాల్లో ఇవి సుమారు 4,000 ఉన్నాయి. ఒక్కో పరికరం సాధారణంగా 1,000 మీటర్ల లోతున ప్రవాహంతో పాటు కదులుతూ, పది రోజులకు ఒకసారి 2,000 మీటర్ల లోతుకు దిగి, అక్కడి నుంచి పైకి వస్తూ ఉష్ణోగ్రతను, లవణీయతను కొలుస్తుంది. ఉపరితలానికి చేరాక ఆ వివరాలను ఉపగ్రహం ద్వారా పంపుతుంది. ఈ కార్యక్రమంలో భారతదేశపు దత్తాంశ కేంద్రం హైదరాబాదులోని భారత జాతీయ సముద్ర సమాచార సేవా కేంద్రం. దీన్నే ఇన్‌కాయిస్ అని పిలుస్తారు.

ఆర్గో దత్తాంశాన్ని రెండు దశల్లో అందిస్తారు. మొదటి దశలో కంప్యూటరు చేసే సులభమైన పరీక్షల తరవాత సుమారు 24 గంటల్లో అందరికీ విడుదల చేస్తారు. వాతావరణ అంచనాలు వేసేవారికి ఈ వేగం అవసరం. రెండో దశలో నిపుణులు పరికరంలో క్రమంగా వచ్చిన దోషాలను గుర్తించి సవరిస్తారు. దీనికి నెలల సమయం పడుతుంది. వాతావరణ మార్పును అధ్యయనం చేసేవారు ఈ సవరించిన దత్తాంశాన్నే వాడాలి. ప్రతి కొలతకు ఒక నాణ్యతా సంఖ్య ఉంటుంది. 1 అంటే మంచిది, 2 అంటే బహుశా మంచిది, 3 అంటే బహుశా చెడ్డది, 4 అంటే చెడ్డది.

చెడ్డదని తేలిన కొలతను కూడా తుడిచివేయరు. గుర్తు పెట్టి ఉంచుతారు. సవరించిన విలువను అసలు విలువ పక్కన విడిగా రాస్తారు. సవరణే తప్పని రేపు తేలితే మళ్ళీ అసలు విలువ దగ్గరికి వెళ్ళే వీలుండాలి. ఆఫీసు రిజిస్టరులో తప్పు పడిన అంకెను కనబడేలా గీత కొట్టి, పక్కన సరైనది రాసి సంతకం పెట్టడం మీరు చూసే ఉంటారు. ఇక్కడి సూత్రం కూడా అదే.

8.4.4 భద్రపరచడం, అందుబాటులో ఉంచడం

కాగితం చెదలు పడుతుంది. అయస్కాంత టేపును చదివే యంత్రాలు కొన్నాళ్ళకు దొరకవు. కొన్ని ఫైళ్ళు ఒక కంపెనీ సాఫ్ట్‌వేరులో మాత్రమే తెరుచుకొంటాయి. అందువల్ల దత్తాంశాన్ని ఒకటి కంటే ఎక్కువ చోట్ల ఉంచాలి, బహిరంగ ఫార్మాట్లలో నిల్వ చేయాలి, కాలం మారేకొద్దీ కొత్త మాధ్యమంలోకి మారుస్తుండాలి.

2016లో ఒక శాస్త్రవేత్తల బృందం మంచి దత్తాంశ నిర్వహణకు నాలుగు సూత్రాలను ప్రచురించింది. ఇవి నేడు అన్ని శాస్త్రాల్లోనూ వాడుకలో ఉన్నాయి.

1. వెతికితే దొరకాలి: ప్రతి దత్తాంశ సముదాయానికి మారని గుర్తింపు సంఖ్య ఉండాలి.
2. అందాలి: ఎవరు, ఏ షరతులతో, ఎలా పొందవచ్చో స్పష్టంగా ఉండాలి.
3. కలవాలి: ఇతర దత్తాంశంతో కలిపి వాడటానికి వీలైన ప్రమాణాల్లో ఉండాలి.
4. మళ్ళీ వాడుకోగలగాలి: తగినంత మెటాడేటా, వాడుక అనుమతులు వెంట ఉండాలి.

వీటిని ఇంగ్లీషు తొలి అక్షరాల ఆధారంగా ‘ఫెయిర్’ సూత్రాలు అంటారు. దత్తాంశమంతా అందరికీ ఉచితంగా ఇవ్వాలని ఈ సూత్రాలు చెప్పవు. ఇవ్వలేని దానికి కూడా అది ఎక్కడ ఉందో, ఎందుకు ఇవ్వలేరో, ఎవరిని అడగాలో తెలిసేలా ఉండాలని చెబుతాయి.

కృత్యం: మీ ఇంటికి దగ్గరలో ఉన్న ఒక బావి నీటిమట్టాన్ని, యజమాని అనుమతి తీసుకొని, నెలకు ఒకసారి చొప్పున మూడు నెలలు కొలవండి. తాడుకు బరువు కట్టి గట్టు బయట నిలబడి కొలవాలి. బావిలోకి దిగకూడదు. మీ పట్టికను ఆ ఊరు ఎరగని ఒక మిత్రునికి ఇచ్చి, మిమ్మల్ని ఏమీ అడగకుండా దాన్ని వివరించమనండి. అతను ఎక్కడ ఆగిపోతే అక్కడ మీ మెటాడేటాలో లోపం ఉన్నట్లు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 2
3. పట్టిక 8.1లో నేల ఎత్తు లేకపోతే ఏ పొరపాటు జరుగుతుంది?
4. ఆర్గో వ్యవస్థలో చెడ్డ కొలతలను ఎందుకు తుడిచివేయరు?

8.5 సునామీ హెచ్చరిక వ్యవస్థ – ఒక పరిశీలన

ఇంతవరకు చెప్పుకొన్న అంశాలన్నీ ఒకేచోట పనిచేసే సందర్భాన్ని ఇప్పుడు పరిశీలిద్దాం.

2004 డిసెంబరు 26న, భారత కాలమానం ప్రకారం ఉదయం సుమారు 6 గంటల 29 నిమిషాలకు, ఇండోనేషియాలోని సుమత్రా దీవి దగ్గర సముద్రం అడుగున భారీ భూకంపం వచ్చింది. దాని పరిమాణం 9.1. అది పుట్టించిన సునామీలో వివిధ దేశాల్లో రెండు లక్షల మందికి పైగా చనిపోయారు. భారతదేశంలో తమిళనాడు, అండమాన్ నికోబార్ దీవులు ఎక్కువగా దెబ్బతిన్నాయి. ఆంధ్రప్రదేశ్ తీరంలోనూ వంద మందికి పైగా మరణించారు.

అలలు మన తూర్పు తీరాన్ని చేరడానికి రెండు గంటలకు పైగా పట్టింది. తీరం నుంచి కొంత దూరం నడిచి వెళ్ళడానికి ఆ సమయం సరిపోతుంది. అయినా హెచ్చరిక రాలేదు. ఎందువల్ల?

భూకంపం నమోదు కాలేదా అంటే, అయింది. ప్రపంచమంతటా ఉన్న భూకంపలేఖినులు దాన్ని పట్టుకొన్నాయి. హవాయిలోని పసిఫిక్ సునామీ హెచ్చరిక కేంద్రం సుమారు 15 నిమిషాల్లోనే దాన్ని గుర్తించి ప్రకటన ఇచ్చింది. కానీ మూడు లోపాలు ఉన్నాయి.

మొదటిది: ఆ కేంద్రం తొలి అంచనాలో పరిమాణం 8.0 మాత్రమే. పరిమాణం ఒక్క అంకె పెరిగితే విడుదలయ్యే శక్తి సుమారు 32 రెట్లు పెరుగుతుందని మీరు భూకంపాల భాగంలో చదివారు. అంటే తొలి అంచనా అసలు కంటే ఎంతో తక్కువ.

రెండోది: సునామీ పుట్టిందో లేదో నిర్ధారించే సముద్ర పీడన మాపకాలు అప్పుడు హిందూ మహాసముద్రంలో లేవు. తీరంలోని అలల మాపకాల్లో చాలావాటి నుంచి వివరాలు వెంటనే అందేవి కావు. పసిఫిక్‌లో ఇలాంటి ఏర్పాట్లు దశాబ్దాలుగా ఉన్నాయి.

మూడోది: ప్రమాదం తెలిసినా ఏ దేశంలో ఎవరికి చెప్పాలి, వారు తీరంలోని ఊళ్ళకు ఎలా చేరవేయాలి అనే ఏర్పాటు లేదు. దత్తాంశం ఉంది, అది సమాచారంగా మారి కావలసినవారికి చేరే దారి లేదు.

ఈ అనుభవం తరవాత 2007 అక్టోబరులో హైదరాబాదులోని ఇన్‌కాయిస్‌లో భారత సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం మొదలైంది. దాని పని నాలుగు అంచెల్లో సాగుతుంది.

అ) భూకంప దత్తాంశం: మన దేశంలోని కేంద్రాలతో పాటు ఇతర దేశాలు పంచుకొనే వందల కేంద్రాల నుంచి తరంగాల వివరాలు వెంటవెంటనే వస్తాయి. వాటి నుంచి భూకంపం స్థానాన్ని, లోతును, పరిమాణాన్ని లెక్కిస్తారు.

ఆ) ముందే సిద్ధం చేసిన నమూనాలు: భూకంపం వచ్చాక అలల ప్రయాణాన్ని మొదటి నుంచి లెక్కించడానికి సమయం చాలదు. అందుకని ఎక్కడ, ఎంత పరిమాణంలో భూకంపం వస్తే ఏ తీరానికి ఎంతసేపట్లో, ఎంత ఎత్తు అల వస్తుందో ముందుగానే లెక్కించి దత్తాంశ నిధిలో ఉంచారు. అసలు సంఘటనకు దగ్గరగా ఉన్న నమూనాను వెంటనే తీస్తారు.

ఇ) సముద్రపు నిర్ధారణ: సముద్రం అడుగున ఉంచిన పీడన మాపకాలు, తీరంలోని అలల మాపకాలు సునామీ నిజంగా పుట్టిందో లేదో తెలుపుతాయి. వీటిలో ఇతర దేశాలవి కూడా ఉంటాయి.

ఈ) ప్రకటన: ప్రమాద తీవ్రతను బట్టి ప్రకటనను కేంద్ర, రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థలకు, తీర ప్రాంత అధికారులకు పంపుతారు. 2011 నుంచి ఇండోనేషియా, ఆస్ట్రేలియా కేంద్రాలతో పాటు ఈ కేంద్రం కూడా హిందూ మహాసముద్ర దేశాలకు సేవలందిస్తోంది.

2012 ఏప్రిల్ 11న సుమత్రా దగ్గరే 8.6 పరిమాణం గల భూకంపం వచ్చినప్పుడు ఈ వ్యవస్థకు పరీక్ష ఎదురైంది. కేంద్రం నిమిషాల్లో తొలి ప్రకటన ఇచ్చింది. అయితే ఈసారి భ్రంశం ప్రధానంగా అడ్డంగా జరిగింది. సముద్రపు అడుగు నిలువుగా పెద్దగా లేవలేదు. అందువల్ల చిన్న అలలే పుట్టాయి. మాపకాల నుంచి ఆ వివరాలు అందడంతో ప్రమాదం లేదని నిర్ధారించి ప్రకటనలను ముగించగలిగారు. హెచ్చరించడం ఎంత ముఖ్యమో, అవసరం లేనప్పుడు జనాన్ని ఖాళీ చేయించకుండా ఉండటం కూడా అంతే ముఖ్యం. రెండు మూడుసార్లు ఉత్తుత్తి హెచ్చరికలు వస్తే నాలుగోసారి ఎవరూ కదలరు.

చివరి అంచె ఎప్పుడూ ఊరే. 2020లో ఒడిశాలోని వెంకటరాయ్‌పూర్, నోలియాసాహి గ్రామాలను యునెస్కో అంతర ప్రభుత్వ సముద్ర శాస్త్ర సంఘం ‘సునామీకి సిద్ధంగా ఉన్న’ గ్రామాలుగా గుర్తించింది. ముంపు పటం, తప్పించుకొనే దారుల గుర్తులు, క్రమం తప్పని అభ్యాసాలు ఈ గుర్తింపుకు కావలసిన అంశాల్లో ఉన్నాయి.

ఇదే సంస్థ మత్స్యకారులకు ఇచ్చే సూచనలు కూడా గమనించదగినవి. ఉపగ్రహాలు కొలిచిన సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత, పత్రహరితం వివరాల ఆధారంగా చేపలు దొరికే అవకాశం ఉన్న ప్రాంతాలను గుర్తిస్తారు. ఆ ఫలితాన్ని రేవు నుంచి ఏ దిక్కున, ఎంత దూరాన, ఎంత లోతున అనే రూపంలో తెలుగుతో సహా తీర ప్రాంత భాషల్లో అందిస్తారు. పడవ నడిపేవారికి అక్షాంశాల పట్టిక కంటే ఇది ఉపయోగం. వాడుకొనేవారి భాషలో, వారి కొలతల్లో చెప్పడం కూడా సమాచార నిర్వహణలో భాగమే.

8.6 వినిమయానికి ఆటంకాలు, ప్రభుత్వ విధానాలు

అ) రహస్యం: 1950లలో అమెరికాలో మేరీ థార్ప్, బ్రూస్ హీజెన్ అట్లాంటిక్ మహాసముద్రం అడుగు పటాన్ని తయారుచేశారు. కచ్చితమైన లోతులు చూపే పటాలను సైనిక కారణాలతో రహస్యంగా ఉంచినందువల్ల వారు పర్వతాలు, లోయలు చిత్రంలా కనిపించే పద్ధతిలో గీయవలసి వచ్చింది. మధ్య అట్లాంటిక్ పర్వతశ్రేణి నడుమ ఉన్న చీలిక లోయను థార్ప్ గుర్తించినప్పుడు సహోద్యోగులు మొదట నమ్మలేదు. అదే స్కేలులో గీసిన భూకంపాల పటాన్ని దానిపై ఉంచి చూస్తే భూకంపాలు ఆ లోయ వెంటే వరసగా ఉన్నాయి. రెండు వేరువేరు దత్తాంశాలు ఒకే స్కేలులో ఉన్నందువల్లే ఈ పోలిక సాధ్యమైంది.

ఆ) ధర: అమెరికా ల్యాండ్‌శాట్ ఉపగ్రహ చిత్రాలను ఎన్నో ఏళ్ళు అమ్మేవారు. బాగా అమ్ముడైన 2001లో సుమారు 25,000 చిత్రాలు పోయాయి. 2008లో ఉచితం చేశాక వాడకం ఏటా పది లక్షలు దాటింది. ధర ఉన్నప్పుడు పరిశోధకులు ఒకటి రెండు చిత్రాలతో సరిపెట్టుకొనేవారు. ఉచితమయ్యాక ఒకే అడవిని, ఒకే చెరువును దశాబ్దాల పాటు పరిశీలించడం వీలైంది.

ఇ) పరిశోధకుల సంకోచం: ఏళ్ళ తరబడి కష్టపడి సేకరించిన దాన్ని మరొకరు ముందుగా ప్రచురిస్తారనే భయం సహజమే. సేకరించినవారికి కొంత గడువు ఇవ్వడం, దత్తాంశాన్ని వాడినవారు వారి పేరును తప్పక పేర్కొనడం దీనికి పరిష్కారాలు.

ఈ) న్యాయమైన పరిమితులు: అరుదైన శిలాజాలు దొరికే చోటును కచ్చితంగా ప్రకటిస్తే దొంగలు తవ్వుకుపోవచ్చు. రక్షణ స్థావరాల వివరాలు, వ్యక్తుల ఆస్తి వివరాలు కూడా జాగ్రత్తగా చూడవలసినవే. అన్నింటినీ దాచడం, అన్నింటినీ బయటపెట్టడం – రెండూ సరికావు. దాచినప్పుడు కారణం చెప్పాలి.

మన దేశంలో 2012లో జాతీయ దత్తాంశ వినిమయ, అందుబాటు విధానం వచ్చింది. ప్రజాధనంతో సేకరించిన, రహస్యం కాని దత్తాంశాన్ని ప్రజలకు అందించాలని అది చెబుతుంది. 2021 ఫిబ్రవరిలో భారతీయ సంస్థలు ముందస్తు అనుమతులు లేకుండానే పటాలను, స్థాన దత్తాంశాన్ని తయారుచేసుకొనేందుకు వీలు కల్పించే మార్గదర్శకాలు వచ్చాయి. 2022లో జాతీయ భూప్రాదేశిక విధానాన్ని ప్రకటించారు. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ ‘భూకోశ్’ ద్వారా భూవిజ్ఞాన పటాలను, హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ‘భువన్’ ద్వారా ఉపగ్రహ చిత్రాలను అందిస్తున్నాయి. మీ జిల్లాకు చెందిన వివరాలను మీరూ వీటిలో చూడవచ్చు. చూసేటప్పుడు పటం అందంతో ఆగిపోకుండా, దాని తేదీ, స్కేలు, తయారుచేసిన పద్ధతి కూడా గమనించండి.

మీ ప్రగతిని సమీక్షించుకోండి – 3
5. 2004 డిసెంబరు 26న మన తూర్పు తీరానికి హెచ్చరిక అందకపోవడానికి కారణాలేమిటి?

8.7 సారాంశం

భూవిజ్ఞాన కొలతల్లో చాలావాటిని మళ్ళీ చేయలేం. అవి విస్తారమైన ప్రదేశాల్లో చెదిరి ఉంటాయి. ఒక్కొక్క కొలత విలువ పరిమితం. కలిపి చూసినప్పుడే భూమి నిర్మాణం, ప్రమాదాల రాక తెలుస్తాయి. కలపడానికి మెటాడేటా, ఉమ్మడి ప్రమాణాలు, నాణ్యత పరీక్ష, శాశ్వత నిల్వ కావాలి. రహస్యం, ధర, సంకోచం దీనికి అడ్డు వస్తాయి. కొన్ని పరిమితులు న్యాయమైనవి కూడా. 2004లో దత్తాంశం ఉండి కూడా సమాచారం అందలేదు. ఆ తరవాత నిర్మించిన వ్యవస్థ కొలిచే పరికరం మొదలు తీరంలోని ఊరి వరకు ఉన్న అంచెలన్నిటినీ కలుపుతుంది. ఏ ఒక్క అంచె తెగినా మిగిలినవాటి ప్రయోజనం పోతుంది.

8.8 కీలక పదాలు

దత్తాంశం: పరిశీలన ద్వారా, కొలత ద్వారా నమోదు చేసిన ముడి వివరం.
మెటాడేటా: దత్తాంశం పుట్టుక, పద్ధతి, ప్రమాణాలను తెలిపే వివరాలు.
గోళాభం: భూమి ఆకారాన్ని లెక్కలకు అనువుగా సూచించే గణిత రూపం.
నాణ్యతా సంఖ్య: ఒక కొలతను ఎంతవరకు నమ్మవచ్చో తెలిపే గుర్తు.
బహిరంగ ఫార్మాట్: ఏ ఒక్క సంస్థ సాఫ్ట్‌వేరు మీదా ఆధారపడని నిల్వ రూపం.

8.9 మీ ప్రగతిని సమీక్షించుకోండి – నమూనా సమాధానాలు

1. నమోదు చేసిన ముడి కొలత దత్తాంశం. దాన్ని క్రమపరచి, విశ్లేషించి, నిర్ణయానికి ఉపయోగపడేలా మార్చితే సమాచారం.
2. ఒక చోట నష్టం జరిగినా మరో చోట ప్రతి మిగిలి ఉండటానికి.
3. భూగర్భజల ప్రవాహ దిశను తారుమారుగా అంచనా వేస్తాం. కాలుష్య ప్రమాదం ఏ ఊరికి ఉందో తప్పుగా చెబుతాం.
4. సవరణ తప్పని తేలినప్పుడు అసలు విలువను మళ్ళీ పరిశీలించే వీలుండాలి కాబట్టి.
5. భూకంప పరిమాణాన్ని తొలుత తక్కువగా అంచనా వేయడం, హిందూ మహాసముద్రంలో సునామీని నిర్ధారించే మాపకాల వ్యవస్థ లేకపోవడం, హెచ్చరికను దేశాలకు, ఊళ్ళకు చేరవేసే ఏర్పాటు లేకపోవడం.

8.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. భూవిజ్ఞాన దత్తాంశ నిర్వహణలోని ముఖ్యాంశాలను తగిన ఉదాహరణలతో వివరించండి.
2. భారత సునామీ ముందస్తు హెచ్చరిక కేంద్రం పనితీరును విశ్లేషించండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. భూమి అంతర కేంద్రమండలం ఆవిష్కరణలో దత్తాంశ వినిమయం పాత్ర ఏమిటి?
2. ‘ఫెయిర్’ సూత్రాలను తెలపండి.
3. ఆర్గో దత్తాంశాన్ని రెండు దశల్లో అందించడానికి కారణమేమిటి?
4. దత్తాంశాన్ని పంచుకోవడంలో న్యాయమైన పరిమితులు ఏవి?